చీలమండ మీద సొట్ట

నడుమూరు, వయా సోంపేట
12 ఫిబ్రవరి 2001

గడియారాల బావా,

ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను: నేను తప్ప అందరం క్షేమం. మీ అప్ప, అదే నా ఇల్లాలు ధనమ్మ, మరీ క్షేమం. పొద్దున్నుంచీ నా మీద కేకలేస్తూనే ఉంది, గొంతు ఇసుమంత కూడా బొంగురుపోలేదు.

సంగతేమిటంటే, పోయిన మంగళవారం తెల్లారి మెలకువ వచ్చి కుడివైపుకి ఒత్తిగిల్లాను. పైన దూలాలు కదిలాయి. ఆ దూలాలు నీకు తెలుసు, మా నాన్న వేయించిన పనసకర్ర. తొంభై తొమ్మిది తుఫానుకి తోటలో సగం కొబ్బరిచెట్లు నేలకి ఒరిగినా, ఇంటి పెంకులు ఎగిరి పక్కవాళ్ల పెరట్లో పడినా, ఇవి మాత్రం కిక్కురుమనలేదు. అన్నట్టు ఆ పెంకులు పక్కవాళ్లు ఇంకా ఇవ్వలేదు, తమవేనంటున్నారు. అది వేరే కథ. అంత గట్టి దూలాలు ఒకదాని వెంట ఒకటి పరుగెత్తడం మొదలెట్టాయి. మంచం పట్టె పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మూసినా ఆగలేదు, కళ్ల లోపలి చీకటే తిరిగింది. నిమిషం కూడా అయ్యుండదు, ఆగింది. తర్వాత వాంతి. మధ్యాహ్నం దాకా అప్పుడే తెప్ప దిగినవాడిలా గోడలు పట్టుకుని నడిచాను. అప్పట్నుంచి ఇది నాలుగోసారి.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. సోంపేట బూత్ సంగతి నీకు తెలియదు. అద్దాల తలుపు పడదు, బూత్ ఆసామి మన మాటలు విని మధ్యలో సలహా చెప్తాడు. ఆమధ్య ఒకాయన బరంపురంలో ఉన్న కొడుక్కి తన మూలవ్యాధి గురించి చెప్పుకుంటే, బయట వరసలో నిలబడ్డ ముగ్గురు మూడు రకాల ఆకులు చెప్పారట. అందుకే ఉత్తరం.

వైశాఖంలో మా సుమన్‌కీ మీ కళ్యాణికీ పెళ్లి అనుకున్నాం కదా, దానికీ దీనికీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

నీ బావ
సోమేశ్వరరావు


టెక్కలి
20 ఫిబ్రవరి 2001

కొబ్బరి బావా,

నీ జబ్బు గురించి పది వరసలు, పెంకుల గురించి, బూత్ గురించి మిగతాదంతా. గడియారం బాగుకి తెచ్చేవాళ్లు కూడా నీలాంటివాళ్లే. "ఆగిపోతంది" అంటారు. ఎప్పుడు ఆగుతుంది, పడుకోబెడితేనా, నిలబెడితేనా అని నేను అడిగి అడిగి రాబట్టాలి. నిన్నూ అవే అడుగుతున్నాను. ఏం చేస్తుంటే వస్తోంది? పడుకుంటేనా, లేస్తేనా, ఎండలోనా?

ఇంకో మాట. మన వైపు ఎవరైనా తల తిరుగుతోందంటే నాకు ముందు గుర్తొచ్చేది మీ అన్నయ్య సన్యాసిరావు. నీకూ అదే గుర్తొచ్చి ఉంటుంది, రాయలేదు. కళ్యాణి పనిచేసే ల్యాబ్ మా షాపుకి నాలుగు అడుగులు. పొద్దున్న రక్తం ఇస్తే సాయంత్రానికి కిడ్నీ అంకె, అదే క్రియాటినిన్, చేతిలో పెడతారు. బస్సెక్కి రా. ఒక్క రోజు పని. పెళ్లికి సంబంధం లేదని నువ్వే రాశావు కాబట్టి ఉందనుకుంటున్నాను.

అప్పని అడిగానని చెప్పు.

జగదీశ్వరరావు


నడుమూరు
18 మార్చి 2001

బావా,

నువ్వు ఆ మాట రాసేశావు కాబట్టి ఇక దాచడానికేం లేదు.

మా వీధిలో మగాళ్లందరం పొద్దున్నే పళ్లు తోముకునే ముందు ఒక పని చేస్తాం, ఒకరు చేస్తుంటే ఇంకొకరు చూడనట్టు తల తిప్పుకుంటాం. అరుగు మీద కూర్చుని, వంగి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి చూస్తాం. చర్మం వెంటనే పైకి లేస్తే ఆ పూటకి బతికాం. సొట్ట అలాగే నిలబడిపోతే ఒంట్లోకి నీరు దిగినట్టు, కిడ్నీ పోయినట్టు. ఇది ఏ డాక్టరూ మాకు నేర్పలేదు. చచ్చిపోయినవాళ్లని చూసి నేర్చుకున్నాం. ఎందుకొస్తోందో ఎవరికీ తెలియదు. నీళ్లంటారు, పురుగుమందులంటారు. మా అన్నయ్యకి ముందు తల తిరుగుడు, తర్వాత వాంతులు, ఆ తర్వాత సొట్ట. వరస నాకు కంఠతా వచ్చు.

నేను ఇప్పుడు రోజుకి ఆరేడుసార్లు నొక్కి చూసుకుంటున్నాను. సొట్ట పడటం లేదు. హమ్మయ్య అనుకునేలోపు అరుగు తిరుగుతుంది. నొక్కిన ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు. అంటే వరసలో మొదటిది వచ్చేసింది, మూడోది దారిలో ఉంది.

నువ్వు అడిగినవి చెప్తాను. కుడివైపు పడుకుంటే వస్తుంది. అందుకని దిండ్లు ఎత్తుగా పెట్టుకుని, సగం కూర్చుని నిద్రపోతున్నాను. తల వెనక్కి వాల్చినా వస్తుంది. మొన్న గడ్డం గీయించుకోడానికి మంగలి కుర్చీలో తల వెనక్కి పెట్టానో లేదో, కుర్చీతో సహా రంగులరాట్నం ఎక్కాను. అతని చేతిలో కత్తి, నేనేమో అతని నడుం కావలించుకున్నాను. పాపం అతను నన్ను ఆప్యాయత గల మనిషి అనుకున్నాడు. ఇప్పుడు గడ్డం పెరిగింది, జనం ఏ స్వామి మాల వేశావని అడుగుతున్నారు.

మా వీధి డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి బీపీ అన్నాడు. మిషను పెట్టి చూడవా అంటే, మిషను సోంపేటలో బాగుకి ఇచ్చాను, నీ మొహం చూస్తే తెలుస్తోంది అన్నాడు. బిళ్లలు ఇచ్చాడు. అవి వేసుకున్నాక లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి, ఇది కొత్తది. ఉప్పు మానేశాను. మీ అప్ప చేపల పులుసు నాకు విడిగా చప్పగా దింపి, ఎందుకు తినవని మళ్లీ నన్నే తిడుతోంది. కారణం చెప్పలేదు, ఉప్పు వేడి చేస్తోందని చెప్పాను.

రక్తం మాత్రం ఇవ్వను. అన్నయ్య రక్తం ఇచ్చి వచ్చిన రోజు నుంచీ ఊళ్లో ఆయన్ని ఎలా ఉన్నావని అడిగిన మనిషి లేడు. "అంకె ఎంతొచ్చింది?" అనేవారు. అంకె పెరిగినకొద్దీ మాట తగ్గించారు. నేను అంకె లేని మనిషిగానే ఉంటాను.

ముహూర్తం వైశాఖం నుంచి కొంచెం వెనక్కి జరుపుదాం. ఎండలు.

సోమేశ్వరరావు


టెక్కలి
2 ఏప్రిల్ 2001

శ్రీ సోమేశ్వరరావు గారికి,

మీ ఉద్దానంలో ఎండలకి పెళ్లిళ్లు ఆగుతాయని ఈ వయసులో తెలుసుకున్నాను. సంతోషం.

తమరికి జబ్బంటే భయం లేదు, కాగితం మీద రాస్తేనే భయం. నా కూతుర్ని ఇచ్చే ఇంట్లో ఏముందో తెలుసుకునే హక్కు నాకుంది. తమరు రక్తం ఇవ్వాలి, సుమన్ కూడా ఇవ్వాలి. అంతవరకు ముహూర్తం మాట ఎత్తొద్దు. ఇది నా ఒక్కడి మాట అనుకోవద్దు, కళ్యాణి మాట కూడా ఇదే.

అప్పకి నిజం చెప్పకుండా చప్పటి పులుసు చేయించుకోవడం సిగ్గుచేటు.

జగదీశ్వరరావు


నడుమూరు
25 జూన్ 2001

టెక్కలి జగదీశ్వరరావు గారికి,

గారూ, తమరూ నాకూ వచ్చు. నేను చదివింది ఐదో తరగతే గానీ, మిగతాదంతా పకోడీ పొట్లాల మీద చదువుకున్నాను, అందులో తమరి కంటే పెద్ద ఆఫీసర్ల ఉత్తరాలు కూడా ఉండేవి. రెండున్నర నెలలు నీకు రాయకూడదనే కూర్చున్నాను. ఇప్పుడు రాయడానికి కారణం ఉంది.

ఈ నెల మొదట్లో తోటలో కొబ్బరికాయల దింపు పెట్టాను. నీకు తెలుసు, దింపులో మనం చేసే పని ఒక్కటే. కింద నిలబడి, తల ఎత్తి, ఏ గెల ముదిరిందో, ఏ గెల ఉంచాలో ఎక్కినవాడికి చెప్పడం. నలభై ఏళ్లు మెడ ఎత్తి బతికాను. ఈసారి నేల చూస్తూ నిలబడ్డాను. చెట్టు మీద పైడయ్య. వాడి తండ్రీ మా చెట్లే ఎక్కాడు. ఒక గెల పట్టుకుని అడిగాడు, నీకు తెలియదా కొయ్యి అన్నాను. లేతది కోసేశాడు. రెండో చెట్టూ అంతే. మూడో చెట్టు మీద వాడికి చిరాకొచ్చింది.

"సూడకుండా సెప్తే ఎలగ బాబూ? భూమ్మీద ఏటి కనబడతంది నీకు? ఓపాలి ఇటు సూడు."

పౌరుషానికి పోయి తల ఎత్తాను. ఆకాశం, మట్టలు, పైడయ్య కాళ్లు, అన్నీ కలిసి కవ్వం తిప్పినట్టు తిరిగాయి. పక్కనున్న చెట్టుని కావలించుకుందామని చేతులు చాపాను, చెట్టు అక్కడ లేదు. బోర్లా పడ్డాను. సరిగ్గా అప్పుడే వాడి కత్తికి గెల తెగింది. పన్నెండు కాయల గెల నా చెవికి జానెడు దూరంలో నేలలో దిగబడింది.

పైడయ్య దిగి, నన్ను లేపకుండా, సరాసరి మీ అప్ప దగ్గరికి పోయాడు. ఆవిడ వచ్చి అరవలేదు. అది చూసి నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. "ఎన్నాళ్ల నుంచి?" అంది. చెప్పాను. "మా తమ్ముడికి సెప్పావు, నాకు సెప్పనేదు" అంది. మర్నాడే సుమన్‌కి కబురు పెట్టింది. వాడు పలాస జీడిపప్పు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురం ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లాం. ఆ డాక్టరు పేరు రాసి లాభం లేదు, ఒడియా పేరు, నీ నోరు తిరగదు.

ఆయన రక్తం అడగలేదు. ఏం చేస్తే వస్తుంది అని నీలాగే అడిగాడు. వంగి కాలు నొక్కుకుంటే వస్తుందన్నాను. ఎందుకు నొక్కుకుంటావన్నాడు. చెప్పాను. కలం పక్కన పెట్టి కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. తర్వాత చెప్పినదేమిటంటే, చెవి లోపల తూకం చూసుకునే చోటు ఒకటి ఉంటుందట. అక్కడ సున్నపు రవ్వలు కొన్ని ఉంటాయట. అవి ఊడి పక్క గొట్టంలోకి జారితే, తల వంచినా ఎత్తినా దొర్లుతూ, లేని తిరుగుడు ఉన్నట్టు చెప్తాయట. నేను కాలు నొక్కినందుకు సొట్ట రాలేదు గానీ, కాలు నొక్కడానికి వంగినందుకు తిరుగుడు వచ్చిందన్నమాట. నాలుగు నెలలు రోజుకి ఆరుసార్లు నా జబ్బుని నేనే పిలిచి కూర్చోబెట్టుకున్నాను బావా.

వైద్యం కూడా విను. బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్కసారి వెనక్కి పడేశాడు, తల బల్ల అంచు దాటి వేలాడింది. గది గిర్రున తిరిగింది. నా కళ్లు వాటంతట అవే ఆడుతున్నాయని సుమన్ అన్నాడు. డాక్టరు వదల్లేదు. తల ఎడమకి తిప్పాడు, నన్నూ ఎడమకి దొర్లించాడు, ముక్కు నేల చూసేలా పెట్టాడు, లేపి కూర్చోబెట్టాడు. ఐదు నిమిషాలు. బీపీ చూస్తే మామూలే. ఆ బిళ్లలు చెత్తబుట్టలో వేశాడు. ఇంటికి వచ్చి కుడివైపు పడుకున్నాను. దూలాలు దూలాల్లా ఉన్నాయి. అది చూసి ఏడ్చాను, నవ్వితే నవ్వు.

కాబట్టి నాది చెవి. కిడ్నీ కాదు. ఇక రక్తం గొడవ ఎత్తకు. శ్రావణంలో ముహూర్తం పెట్టించు.

నీ బావ
సోమేశ్వరరావు


టెక్కలి
5 జూలై 2001

బావా,

గెల జానెడు ఇవతల పడి ఉంటే ఈ ఉత్తరం అప్పకి రాయాల్సి వచ్చేది. నీ చెవి బాగుపడినందుకు సంతోషం, నిజంగా.

కానీ చెవి డాక్టరు చెవి చూశాడు. ముల్లు సరిచేయించుకుని, స్ప్రింగు కూడా బాగున్నట్టే అని నువ్వే చెప్పేసుకుంటున్నావు. మీ వీధిలో, ఆ నీళ్లు తాగి, అన్నయ్యని పోగొట్టుకున్నవాడివి. చెవిలో రవ్వలున్నాయని మిగతా ఒళ్లు నిన్ను వదిలేస్తుందా? నా మాటలో మార్పు లేదు. రక్తం ఇచ్చాకే ముహూర్తం.

జగదీశ్వరరావు


నడుమూరు
28 ఆగస్టు 2001

బావా,

శ్రావణం పోయింది. సంతృప్తిగా ఉందా?

ఇంకో శుభవార్త. తిరుగుడు మళ్లీ వచ్చింది. మళ్లీ రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు, నేనే వినదలచుకోలేదు. మొన్న పొద్దున్న చెంబు అందుకోడానికి అటక వైపు చూశాను, చెంబు నా మీద, నేను మీ అప్ప మీద. ఆయన నేర్పిన దొర్లింపు ఇంట్లోనే చేస్తున్నాం. మంచం చివర తల వేలాడదీసి పడుకుంటే మీ అప్ప రెండు చేతులా బుర్ర పట్టుకుని, పనసకాయ ముదిరిందో లేదో చూసినట్టు తిప్పుతుంది. కుడి అంటే ఎడమ తిప్పుతుంది. నేను అరిస్తే, "నీ తల నీకే తెలీదు, నాకెలగ తెలుస్తంది?" అంటుంది. ఒక రోజు తగ్గుతుంది, రెండు రోజులు బాగుంటాను, మళ్లీ మొదలు. దింపులో పైడయ్యకి కింద నిలబడి చెప్పే పని సుమన్ చేస్తున్నాడు, వాడికి లేత గెలకీ ముదురు గెలకీ తేడా తెలియదు. నలభై ఏళ్లు చేసిన పని నా చేతిలోంచి పోయింది, నేను అరుగు మీద కూర్చుని కాయలు పడే చప్పుడు వింటున్నాను.

నీ షరతు ఒకటి దీనికి తోడు. కళ్యాణి కూడా అలాగే అందని రాశావు చూడు, అది మాత్రం చెవి కంటే ఎక్కువ బాధ పెట్టింది. ఆ పిల్లకి నేను మావయ్యని.

సోమేశ్వరరావు


నడుమూరు
11 అక్టోబరు 2001

బావా,

నువ్వు నా ఉత్తరానికి జవాబివ్వలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నీకు చెప్పాల్సిన సంగతి, చెప్పకుండా ఉండే వీలు కూడా నాకుంది.

పోయిన నెల ఆఖరి ఆదివారం మీ కళ్యాణి వచ్చింది. పలాసలో స్నేహితురాలింటికని నీకు చెప్పిందట. సోంపేటలో బస్సు దిగి, ఆటోలో, చంకన టీ తెచ్చుకునే ఫ్లాస్కు ఒకటి పెట్టుకుని దిగింది. టీ తెచ్చిందనుకున్నాను. లోపల ఐసు ముక్కలు, సీసాలు, సూదులు. నువ్వు రాసిన ఉత్తరం తీసి చూపించాను, ఇది నీ మాటేనా అమ్మా అని అడిగాను. చదివి మొహం ఎర్రబడింది.

"నాను ఆ మాట అన్నేదు మావయ్యా. అంకె ఎంతైనా ఈ ఇంటికే వత్తాను, ఆ సంగతి సుమన్ బావకి తెలుసు. గానీ తెలీకుండా రాను. ల్యాబులో రోజూ మీ ఊళ్లవాళ్ల రక్తం సూత్తన్నాను, అందరూ ఆలస్యంగా వత్తన్నారు. మీరూ అలగే వత్తే, నాను అక్కడ కూకుని ఏటి సేసినట్టు?"

నువ్వు అబద్ధం రాశావు బావా. నేను ఎండలని రాశాను, నువ్వు కూతురి పేరు రాశావు. తూకం వేస్తే ఇద్దరం ఒకటే.

చెయ్యి చాపాను. సుమన్ కూడా చాపాడు. మీ అప్ప అడక్కుండానే వచ్చి కూర్చుంది. కళ్యాణి సీసాల మీద పేర్లు రాస్తూ ఒక మాట చెప్పింది. అంకెలు పోస్టులో నా పేరున మాత్రమే పంపుతానని, వాళ్ల నాన్నకి చెప్పాలో లేదో నా ఇష్టమని.

మొన్న కవరు వచ్చింది. పోస్టుమాను ఎదురుగా విప్పలేదు, తోటలోకి పోయి విప్పాను. సుమన్‌ది సున్నా పాయింటు తొమ్మిది. మీ అప్పది కూడా అంతే. నాది ఒకటి పాయింటు తొమ్మిది. ఒకటీ పాయింటు రెండు దాటకూడదట. కింద కళ్యాణి రాసింది: ఈ అంకెకి తల తిరగదు మావయ్యా, అది చెవే, ఇది వేరు. మోకాళ్ల నొప్పికి మీరు ఎప్పట్నుంచో వాడే బిళ్లలు కిడ్నీకి మంచివి కావు, మానెయ్యండి, మూడు నెలలకి మళ్లీ చూద్దాం, ఈలోపు శ్రీకాకుళంలో పెద్ద డాక్టరుకి చూపిద్దాం, తొందరగానే తెలిసింది.

నా చెవి నన్ను మోసం చేసింది. నా కాళ్లు కూడా చేశాయి, అంకె ఇంత పెరిగినా సొట్ట ఇంకా పడలేదు. కళ్యాణి చెప్పేదేమిటంటే, సొట్ట చూసుకుని వచ్చేవాళ్లు వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుందట. మా వీధి మొత్తానికి ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు.

ఈ అంకె నీకు చెప్పకపోతే పెళ్లి జరిగిపోయేది. రెండు రోజులు ఆ ఆలోచనతోనే ఉన్నాను, అబద్ధమాడను. ఇప్పుడు నీకు తెలిసింది. కార్తీకంలో ముహూర్తాలున్నాయి. పెట్టకపోయినా నిన్ను తప్పు పట్టను. ఉత్తరంలో మాత్రం కళ్యాణి పేరు వాడకు, నీ పేరే రాయి.

సోమేశ్వరరావు


టెక్కలి
16 అక్టోబరు 2001

బావా,

అంకె చదివాను. షరతు పెట్టినప్పుడు, అంకె ఎక్కువొస్తే నేనేం చేస్తానో ఆలోచించుకోలేదు. తక్కువొస్తుందనే పెట్టినట్టున్నాను. రెండు రోజులు షాపులో ఒక్క గడియారం కూడా విప్పలేకపోయాను.

కూతురి పేరు వాడుకోవడం తప్పు. ఆ పిల్లని కూర్చోబెట్టి, ఏం చెయ్యమంటావని అడిగాను. "ఇన్నాళ్లకి అడిగావేటి నాన్నా" అంది, లోపలికి పోయి చీరలు మడతపెట్టుకుంటోంది.

కార్తీకంలో రెండో వారం ముహూర్తం కుదిరింది. శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి నిన్ను నేను తీసుకెళ్తాను, అంకె ఎంతో నేనే అడుగుతాను, నువ్వు బయట బెంచీ మీద కూర్చో. వచ్చే వారం బుధవారం పొద్దున్న బస్సుకి నలుగురం వస్తున్నాం, పసుపు కొట్టడానికి. రోలు కడిగి ఉంచమని అప్పకి చెప్పు. రోలు అప్పే కడుగుతుంది, నువ్వు వంగకు.

జగదీశ్వరరావు